కుడి అంచు

పొద్దున ముఖం కడుక్కోగానే కురుమూర్తి మగ్గం కింద రాలిన నూలుపోగు ముక్క ఒకటి ఏరుకునేవాడు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండు చేతులతో లాగి తెంపేవాడు. టప్పుమని తెగితే ఆ రోజు గాలి పొడిగా ఉన్నట్టు. కాస్త సాగి, చప్పుడు లేకుండా తెగితే గాలిలో తడి ఉన్నట్టు. పొడి రోజైతే మగ్గం గుంత చుట్టూ నాలుగు చెంబుల నీళ్లు చల్లి గానీ లోపల కాళ్లు పెట్టేవాడు కాదు.

చిన్నప్పుడు వైష్ణవి పక్కనే నిలబడి, "ఏమన్నది నాయినా?" అని అడిగేది.

"ఇయ్యాల సతాయిస్తనంటున్నది బిడ్డా. మీ అమ్మ లెక్కనే."

"ఇంటున్న," అనేది వంటింట్లోంచి సుగుణమ్మ. "నీ చేతిల పడ్డంక నాకైనా, దానికైనా ఇంకేం గతున్నది?"

గద్వాల కోట వెనక వీధిలో వాళ్లిల్లు. ముందు గది మొత్తం మగ్గమే. కురుమూర్తి పదకొండో ఏట ఆ గుంతలో దిగాడు. ఆయన తండ్రి నేసిన మగ్గం అది. గద్వాల చీరలో నడుమ భాగం నూలు, అంచులు పట్టు. ఆ రెండింటినీ నేతలోనే కలపాలి. ప్రతి వరసకూ నూలుపోగు అంచు దాకా వెళ్లి, అక్కడ పట్టుపోగును చుట్టుకుని వెనక్కి రావాలి. చుట్టు వదులైతే అతుకు చీలుతుంది, బిగిస్తే పట్టు తెగుతుంది. ఎంత బిగువు సరిపోతుందో చెప్పే కొలత ఏదీ లేదు, వేళ్లకు తెలియాల్సిందే. నడుమ భాగమూ కుడి అంచూ కురుమూర్తివి, ఎడమ అంచు పక్కన కూర్చున్న సుగుణమ్మది. కురుమూర్తి నేసిన కుడి అంచును తిరగేసి చూసినా అతుకు ఎక్కడుందో కనిపించదని, నూలూ పట్టూ ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు నలుగురిలో చెప్పేవాడు. ఆ మాట విన్న రోజు కురుమూర్తి ఇంటికొచ్చి అన్నం రెండోసారి పెట్టించుకునేవాడు.

పోగు తెగిన ప్రతిసారీ గీత గీయడం ఆ ఇంటి పద్ధతి. నూలు తెగితే ఎదుటి పలక మీద సుద్దగీత. ఎడమ అంచు పట్టు తెగితే మగ్గం ఎడమ గుంజ మీద ఎర్రటి జాజుగీత, కుడిది తెగితే కుడి గుంజ మీద. సాయంత్రం దీపం పెట్టే ముందు సుగుణమ్మ గీతలు లెక్కబెట్టి, గోడ క్యాలెండర్లో ఆ తేదీ గడిలో మూడు అంకెలు వేసి, గీతలు తడిగుడ్డతో తుడిచేసేది. మొదటిది నూలు, రెండోది ఎడమ అంచు, మూడోది కుడి అంచు. షావుకారు నాసిరకం నూలు ఇచ్చినప్పుడు తీసుకెళ్లి చూపించడానికి కురుమూర్తి తండ్రి పెట్టిన అలవాటు అది. సుగుణమ్మ చదివింది ఐదో తరగతి. పెళ్లయినప్పటి నుంచి ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు.

వైష్ణవి వాళ్లకు ఒక్కతే కూతురు. ఇంటర్లో లెక్కల్లో మంచి మార్కులు వస్తే వనపర్తిలో డిగ్రీలో చేరింది. గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. హాస్టల్లో ఉండేది, శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చేది. రెండో సంవత్సరంలో స్టాటిస్టిక్స్ చెప్పడానికి మాలతి మేడమ్ వచ్చింది. సహసంబంధ గుణకం పాఠం మొదలుపెడుతూ ఆమె నిర్వచనం జోలికి పోలేదు.

"జూరాల డ్యామ్ గేట్లు ఎక్కువ ఎత్తిన రోజు రోడ్డు పక్కన చేపలమ్మేవాళ్లు ఎక్కువ ఉంటారా, తక్కువ ఉంటారా?"

"ఎక్కువ మేడమ్!"

"ఒకటి పెరిగితే రెండోది పెరిగింది. బాగా కలిసి నడిస్తే గుణకం ఒకటికి దగ్గరగా వస్తుంది. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతూ పోతే మైనస్ ఒకటికి దగ్గరగా. దేని దారి దానిదైతే సున్నా దగ్గర ఆగుతుంది. ఇంతే. ఈ ఒక్క అంకె కోసమే మీ పుస్తకంలో పదహారు పేజీలు."

వైష్ణవికి ఆ రోజు రాసుకున్న పేజీ ఎంతగానో నచ్చింది. ఎన్ని గడుల లెక్కయినా చివరికి ఒక్క అంకె అయిపోవడం, ఆ అంకె ఎప్పుడూ మైనస్ ఒకటికీ ఒకటికీ మధ్యనే ఉండటం, ఆమెకు ఒక భరోసాలా అనిపించింది.

ఆ ఏడాది దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నాయిన అన్నం ముద్ద కలుపుతూ చేతిని మాటిమాటికీ విదిలించడం చూసింది.

"ఏమైంది నాయినా?"

"ఏం లే. వేళ్లు జర మొద్దుబారినట్లు ఉంటున్నయ్. పట్టు పట్టుకుంటే పట్టుకున్నట్లు తెలుస్త లేదు."

పక్కింటి వెంకటన్న కూడా నేతగాడే, కురుమూర్తి కంటే పదేళ్లు పెద్ద. అరుగు మీద కూర్చుని ఆ మాట విన్నాడు. "తమ్మీ, నేను చెప్పబట్టి నెల అయితున్నది. కర్నూల్ల నరాల డాక్టర్ ఉన్నడు. సోమవారం నేను నా కండ్లు చూపెట్టుకోను పోతున్న. నా ఎంబడి రా. ఇద్దరం పొద్దుగాల బస్సుకు పోయి మాపటికి వస్తం."

"సూస్తమన్నా."

"సూసేది నువ్వు కాదు, డాక్టర్ సూస్తడు. వస్తనని ఒక్క మాట చెప్పు."

"సరే, వస్త తియ్," అన్నాడు కురుమూర్తి. కానీ ఆయన ముఖంలో ఉన్నది ఒప్పుకోలు కాదని వైష్ణవికి తెలుసు. నాయినకు దవాఖాన వాసనంటేనే భయం. తన తల్లి జ్వరంతో పోయి తిరిగి రాలేదని, అప్పటి నుంచి ఆ గడప తొక్కడానికి ఇష్టపడడు.

ఆ సెలవుల్లోనే వైష్ణవి ప్రాజెక్టు రాయాలి. రెండు విషయాల లెక్కలు సేకరించి, వాటి మధ్య సహసంబంధ గుణకం కనుక్కోవాలి. తోటి పిల్లలు చదివిన గంటలూ మార్కులూ, ఎత్తూ బరువూ రాసుకున్నారు. వైష్ణవి గోడ మీది క్యాలెండర్ తీసింది. ఉగాది నుంచి ఇరవై ఆరు వారాలు. వారం సంఖ్య ఎక్స్, ఆ వారంలో తెగిన పోగులు వై. వారాలు గడిచేకొద్దీ తెగడం పెరుగుతోందా? నాయిన చెయ్యి నిజంగా మొద్దుబారుతుంటే ఈ లెక్కలో తెలిసిపోవాలి కదా. ప్రాజెక్టూ అవుతుంది, నాయిన సంగతీ తేలుతుంది.

ఆదివారం మధ్యాహ్నం సుగుణమ్మ క్యాలెండర్ ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే వైష్ణవి నోటుబుక్కులో వేసుకుంది.

"ఏడు, ఒకటి, సున్న."

"ఎనిమిది," అని వైష్ణవి ఒక్క అంకె రాసింది.

"ఆరు, సున్న, ఒకటి."

"ఏడు."

కొంతసేపు చదివి సుగుణమ్మ ఆగింది. "అన్నీ ఒక్కతాన్నే కలుపుతున్నవేందే? నూలు వేరే, పట్టు వేరే కద."

"తెగడం తెగడమే కదమ్మా. వై ఒక్కటే ఉండాలి. మూడుంటే సూత్రంల పట్టవు."

"గట్లనా," అంది సుగుణమ్మ. తర్వాతి గడి చదివింది.

లెక్క తేలేసరికి సాయంత్రమైంది. మొదటి వారంలో తెగినవి నలభై ఎనిమిది. చివరి వారంలోనూ నలభై ఎనిమిదే. నడుమ కాస్త ఎక్కువ, కాస్త తక్కువ. గుణకం మైనస్ సున్నా పాయింట్ సున్నా ఆరు. తప్పు చేశానేమోనని వైష్ణవి మళ్లీ చేసింది. అదే వచ్చింది. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే పైకీ పోలేదు, కిందికీ రాలేదు. ఒకే ఎత్తులో చెదిరి ఉన్నాయి.

"నాయినా, నీ చేతికేం కాలేదు," అని అరిచింది.

కురుమూర్తి గుంతలోంచి తల ఎత్తాడు. "ఏంది?"

"ఆర్నెల్ల లెక్క తీసిన. అప్పుడెన్ని తెగినయో ఇప్పుడూ అన్నే తెగుతున్నయ్. గుణకం సున్న వచ్చింది."

"సున్న అంటే?"

"సంబంధం లేదని. రోజులు పోతున్నా నీ చెయ్యి గట్లనే ఉన్నదని."

ఆయన ముఖం విచ్చుకున్న తీరు వైష్ణవి జన్మలో మర్చిపోలేదు. గుంత అంచు పట్టుకుని పైకి లేచి, గుమ్మం దాకా వెళ్లి కేకేశాడు. "అన్నా! ఓ వెంకటన్నా! రేపు నువ్వొక్కనివే పో. నా బిడ్డ లెక్క తీసింది. నా చేతికి ఏం లేదంట!"

"లెక్కల దవాఖాన ఇంట్లనే పెట్టుకున్నవ్ గదా," అన్నాడు వెంకటన్న అరుగు మీంచి. "డాక్టరమ్మను నా కండ్లు గూడ చూడమను, బస్సు కిరాయి మిగుల్తది." నవ్వాడు గానీ లేచి వచ్చాడు. "మూర్తీ, లెక్క లెక్కనే. ఒకసారి చూపెట్టుకుంటే నీదేం పోతది?"

"నీకు తెల్వదన్నా. ఇది కాలేజీ లెక్క."

సోమవారం వెంకటన్న ఒక్కడే కర్నూలు బస్సెక్కాడు.

ప్రాజెక్టుకు ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. 'స్వయంగా సేకరించిన అరుదైన సమాచారం' అని మాలతి మేడమ్ ఎర్రసిరాతో రాసింది. వైష్ణవి ఆ పేజీని ఫోటో తీసి పంపితే, కురుమూర్తి ఆ ఫోన్ పట్టుకుని షావుకారు దుకాణం దాకా వెళ్లొచ్చాడు.

సంక్రాంతి దాటాక ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. మాఘమాసంలో నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియలేదు. శివరాత్రి తర్వాత ఒక పొద్దున మగ్గం గుంతలోంచి లేవబోయి, కాళ్లు సహకరించక, మగ్గానికి బిగించిన పడుగు మీద పడ్డాడు. పోగులు గుప్పెళ్లకొద్దీ తెగిపోయాయి. ఆ రోజు సుగుణమ్మ ఒక్క గీత కూడా గీయలేదు. వెంకటన్న ఆటో తెచ్చాడు.

కర్నూలు డాక్టరు మెడకు తీసిన స్కానింగు దీపం ముందు పెట్టి చూపించాడు. ఏళ్ల తరబడి వంగి కూర్చున్న మెడలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతోంది. మొదట కుడిచెయ్యి, తర్వాత కాళ్లు. ఆపరేషన్ చేస్తే ఇంతకంటే చెడిపోకుండా ఆపవచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు.

"ఎప్పటి నుంచి ఉంది తిమ్మిరి?"

"వానలప్పటి సంది," అంది సుగుణమ్మ.

"దసరాకు వచ్చి ఉన్నా బాగుండేది. అప్పుడు చేస్తే చెయ్యి చాలావరకు మిగిలేది."

వైష్ణవి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమెకు అప్పటికి ఇంకా అర్థం కాలేదు. లెక్కలో ఏమీ లేనిది చేతిలోకి ఎలా వచ్చింది? బహుశా దసరా తర్వాతే మొదలై ఉంటుంది, డాక్టర్లు అలాగే అంటారు అనుకుంది. అలా అనుకోవడం వల్లే తర్వాతి రెండు నెలలు నిద్రపట్టింది.

ఆపరేషన్ అయ్యాక కాలేజీకి తిరిగి వెళ్లిన వారంలో మాలతి మేడమ్ పరీక్షల ముందు పాఠాలు మళ్లీ చెబుతోంది. సహసంబంధ గుణకం దగ్గరికొచ్చి బోర్డు మీద చుక్కల గుంపు ఒకటి పెట్టింది, పైకి ఎక్కుతున్నట్టుగా. దాని మీదే ఇంకో గుంపు, కిందికి దిగుతున్నట్టుగా.

"ఈ రెండూ వేరు వేరు రకాలు. విడివిడిగా చూస్తే ఒకటి ప్లస్, ఒకటి మైనస్. తెలియక రెండూ కలిపేశారనుకోండి. ఏమొస్తుంది?"

ముందు బెంచీ అమ్మాయి యమున అంది, "సున్నా మేడమ్."

"సున్నా. ఇక్కడ ఏమీ జరగడం లేదని చెబుతుంది. నిజానికి రెండు జరుగుతున్నాయి. కలపకూడనివి కలిపితే సూత్రం మనల్ని ఆపదు. అడిగిందానికి జవాబిచ్చి ఊరుకుంటుంది."

వైష్ణవి చేతిలో పెన్ను ఆగిపోయింది. 'అన్నీ ఒక్కతాన్నే కలుపుతున్నవేందే?' అని అమ్మ గొంతు వినిపించింది.

ఆమె శనివారం దాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది. పాత క్యాలెండర్ కొత్తదాని కింద అదే మేకుకు వేలాడుతోంది. నాయిన లోపలి గదిలో మంచం మీద నిద్రపోతున్నాడు, మెడకు పట్టీతో. వైష్ణవి పాత క్యాలెండర్ దించుకుని నేల మీద కూర్చుని, నోటుబుక్కులో మూడు నిలువు వరసలు గీసింది.

నూలు మొదటి వారం నలభై. వానలు పడి గాలిలో తడి చేరేకొద్దీ తగ్గుతూ, చివరి వారానికి ఇరవై రెండు. ఏ నేత ఇంట్లోనైనా అంతే. ఎడమ అంచు మొదటి వారం నాలుగు, చివరి వారం ఐదు. అదే పట్టు, అదే మగ్గం, అదే గాలి. కుడి అంచు మొదటి వారం నాలుగు. తర్వాత ఐదు, ఏడు, ఆరు, తొమ్మిది. చివరి వారం ఇరవై ఒకటి. వానలు నూలును కాపాడినన్ని పోగులు కుడిచెయ్యి తెంపుతూ వచ్చింది. రెండూ కలిస్తే నలభై ఎనిమిది నలభై ఎనిమిదిగానే నిలిచింది.

కుడి అంచు గుణకం సున్నా పాయింట్ తొమ్మిది మూడు.

వైష్ణవి రెండోసారి చేసి చూడలేదు.

సుగుణమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి, నోటుబుక్కు వంక చూసి, కూతురి పక్కన కూర్చుంది. మూడో వరస కింద వేలు పెట్టింది.

"ఇది కుడిదే కద."

"ఊఁ."

"నాకు తెల్సు బిడ్డా," అంది సుగుణమ్మ మెల్లగా. "రోజూ తుడిచేదాన్ని నేనే కద. శ్రావణం సంది కుడి గుంజ ఎర్రగైతున్నది. గుడ్డ రెండుసార్లు పిండాల్సి వస్తుండె."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పబోయిన. నువ్వు సూత్రంల పట్టదంటివి. నేనేమో ఐదో తరగతి. నువ్వు కాలేజీల చదివినదానివి. సున్న వచ్చిందంటే, నా కండ్లే తప్పు చూసినయేమో అనుకున్న."

వైష్ణవికి ఏడుపొచ్చేసింది. సుగుణమ్మ ఓదార్చలేదు. కూతురి వీపు మీద చెయ్యి వేసింది గానీ ఆ చెయ్యి నిమరలేదు, ఊరికే ఉంది.

నాయినకు చెప్పాలా వద్దా అని వైష్ణవి మూడు రోజులు కొట్టుకుంది. చెప్పకపోతే ఆయన చచ్చేదాకా 'నా బిడ్డ లెక్క' అని చెప్పుకుంటూనే ఉంటాడు. చెబితే ఆయనకు మిగిలిన ఆ ఒక్క గర్వమూ పోతుంది. చివరికి, ఆయనకు అన్నం తినిపిస్తూ చెప్పింది. వారాలు, నూలు, వాన, కుడి అంచు, అన్నీ. కురుమూర్తి నమలడం ఆపి విన్నాడు. మధ్యలో రెండుసార్లు అడిగాడు, నూలు తగ్గిన లెక్క ఎంత అని, కుడిది పెరిగింది ఎంత అని. నేతగాడిగా అడిగాడు.

"అంటే నా చెయ్యి చెప్తనే ఉండె," అన్నాడు చివరికి.

"చెప్తనే ఉండె నాయినా. నేనే ఇనలేదు."

"నాకు గూడ తెల్సు బిడ్డా. పట్టు తెగినప్పుడల్లా తెల్సు. దవాఖానకు పోబుద్ధి కాలే. ఎవరన్న పోవద్దంటే బాగుండనుకున్న. నువ్వన్నవ్." తర్వాత, "మార్కులైతే మంచిగనే వచ్చినయ్ గద," అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదని వైష్ణవికి అనిపించింది.

ఆ తర్వాత ఆమె ప్రాజెక్టు పట్టుకుని మాలతి మేడమ్ దగ్గరికి వెళ్లింది. పాత పేజీ పక్కన కొత్త పేజీ పెట్టింది. మేడమ్ రెండూ చూసి, తన ఎర్రసిరా వాక్యం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనైనా అడగాల్సింది, పట్టు ఏది, నూలు ఏది అని. పెళ్లికి నాకు పెట్టింది గద్వాల చీరే," అంది. మార్కులు తగ్గిస్తారా అని వైష్ణవి అడిగితే తల అడ్డంగా ఊపింది.

అది జరిగి రెండున్నరేళ్లు. వైష్ణవి ఇప్పుడు హైదరాబాదులో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. మానేస్తానంటే ఒప్పుకోనిది కురుమూర్తే. మగ్గం విప్పి వెంకటన్న వాళ్లింట్లో పెట్టారు. గుంత పూడ్చి పైన బండలు పరిచారు. సుగుణమ్మ వెంకటన్న మగ్గం మీద ఆయన పక్కన కూర్చుని ఎడమ అంచు నేస్తుంది.

కురుమూర్తికి యాభై రెండేళ్లు. కర్ర పట్టుకుని నడుస్తాడు. గద్వాల పాత బజారులో ఒక చీరల దుకాణంలో మధ్యాహ్నం పూట కూర్చుంటాడు. చీరలు విప్పి చూపించేది వేరే మనిషి. ఇది చేతి నేతేనా అని కొనడానికి వచ్చినవాళ్లు అడిగితే, అంచు తిరగేయించి చూసి, అవునో కాదో చెప్పడం ఆయన పని.